పాలకొల్లు నుంచి రాజమండ్రికి: నా మొదటి జర్మన్ బేరం

మా లేసు అల్లికలు కొనే హానా గారు జర్మనీ నుంచి వస్తున్నారని, రాజమండ్రిలో ఒక్కరోజే ఉంటారని మెయిల్ వచ్చింది. ఈసారి మధ్యవర్తి లేకుండా నేనే మాట్లాడతానని ఇంట్లో చెప్పేశాను. నాకు నలభై ఆరేళ్ళు. పాలకొల్లులో మాది లేసు వ్యాపారం. రెండో కాన్పు తర్వాత వినికిడి తగ్గుతూ వచ్చి, ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటున్నాను. జర్మన్ నేర్చుకుంటానని వెళ్తే ఒక కోచింగ్ సెంటర్లో, "వినపడకుండా భాష ఎలా వస్తుందండి?" అని పంపేశారు. తర్వాత దొరికిన ఆన్‌లైన్ టీచరు కెమెరాకు దగ్గరగా జరిగి, పెదవులు చూపిస్తూ నేర్పింది. సగం చెవితో, సగం కంటితో పట్టుకోవడం నాకు కొత్త కాదు. తెలుగైనా అలాగే వింటున్నాను కదా.

పొద్దున్న రైలెక్కితే భీమవరం, తణుకు, నిడదవోలు మీదుగా సుమారు మూడు గంటల ప్రయాణం. జనరల్ టికెట్ వంద లోపే. స్టేషన్‌కి వచ్చిన మావారు ప్లాట్‌ఫాం మీద మళ్ళీ మొదలుపెట్టారు.

"పోనీ తమ్ముణ్ణి తోడు పంపనా? వాడు ఇంగ్లీషులో మాట్లాడతాడు."

"వద్దండి. అతను మాట్లాడితే ఆవిడ అతనివైపే చూస్తుంది. నాకు ఆవిడ మొహం కనపడాలి."

కొవ్వూరు దాటాక గోదావరి వంతెన చప్పుడుకి మిషన్లు తీసి డబ్బాలో పెట్టేశాను. నీళ్ళు చూస్తూ, చెప్పాల్సిన మొదటి మాటలు పెదవులతోనే వల్లించుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ అదేదో మంత్రమనుకున్నట్టుంది, గోదావరికి చేతులు జోడించింది.

స్టేషన్ బయట మిషన్లు మళ్ళీ పెట్టుకుని ఆటో ఎక్కాను. డ్రైవరు రోడ్డు చూస్తూ ఏదో అడుగుతున్నాడు. "నాకు సరిగా వినపడదండి, పెదాలు చూస్తేనే తెలుస్తుంది" అన్నాను. అతను అద్దం తిప్పి, అందులో తన మొహం నాకు కనిపించేలా పెట్టాడు. "ఇప్పుడు తెలుస్తోందాండి? ఏ హోటలు అంటున్నాను!"

హానా గారు హోటల్ రెస్టారెంటులో కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. వెనక వెలుతురుకి మొహం నల్లగా ఉంది, పక్కన ప్లేట్ల చప్పుడు. వల్లించుకున్నది జర్మన్‌లో చెప్పాను: "నాకు సరిగా వినపడదు. దయచేసి నావైపు చూస్తూ మెల్లగా మాట్లాడండి. మనం కుర్చీలు మారదామా?" ఆవిడ లేచి, తన కాఫీ కప్పు తీసుకుని ఇటు వచ్చేశారు.

అల్లికలు పరిచాను. ఆవిడ టేబుల్ మీద వేసే పొడుగు లేసు చేత్తో తడిమి, ఎన్ని కావాలో ఒక అంకె చెప్పారు. "ఫ్యున్‌ఫ్‌త్సిగ్" అనిపించింది. అంటే యాభై! మా అల్లే ఆడవాళ్ళకు వర్షాకాలమంతా పనే. నవ్వుతూ తలూపేస్తే సరిపోయేది. వినపడనిచోట తలూపడం మా బోటివాళ్ళకు అలవాటు కూడా. కానీ ఆగి, వేళ్ళు చూపిస్తూ, "ఐదు పదులా?" అని అడిగాను. కాదన్నారు. "ఫ్యున్‌ఫ్‌త్సేన్." పదిహేను.

 వెంటనే మాట నోటివెంట వచ్చేసింది. "వారుమ్?" ఎందుకని?

లేసు గట్టిగా, అట్టలా ఉంటోందట. మెత్తగా కావాలని మధ్యవర్తికి రెండుసార్లు చెప్పారట. మీకు బిరుసుగా ఉంటేనే ఇష్టమని ఆయనే మాచేత గంజి పెట్టించాడని, గంజి అనే మాట జర్మన్‌లో రాక, అన్నం వండి వార్చే నీళ్ళని చేతులతో చూపించి చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, "చెయ్యి తియ్యండి, నాకు మాట పోతోంది" అన్నాను. ఇద్దరం నవ్వాం. "ఈ పదిహేనూ గంజి లేకుండా పంపండి. తర్వాతవి మీతోనే మాట్లాడతాను" అన్నారు.

సాయంత్రం తిరిగొచ్చి, మాకు ఎక్కువగా అల్లిపెట్టే సత్యవతి గారికి చెబితే ఆవిడ బుగ్గన చెయ్యి వేసుకుంది. "గంజి వద్దా? ఈ ముక్క ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటండీ!"

మిషన్లు పెట్టుకుని మావైపు ప్రయాణం చేసేవాళ్ళకు ఒకటి చెబుతాను: డెల్టా ఉక్కపోతకు చెమ్మ పట్టి అవి ఉన్నట్టుండి ఆగిపోతాయి, తేమ పీల్చే పొడి డబ్బా, అదనపు బ్యాటరీలు సంచిలో ఉండాలి. ఇక భాష సంగతి. నా జర్మన్‌లో ఇంకా బోలెడు తప్పులున్నాయి. కానీ ఆ రోజు నాకు పనికొచ్చింది తప్పుల్లేని వాక్యం కాదు, అర్థం కానప్పుడు సిగ్గుపడకుండా మళ్ళీ అడగడం. చెవులు బాగా వినపడిన రోజుల్లో నేను ఏ భాషలోనూ అంత శ్రద్ధగా అడిగిన గుర్తు లేదు.