కత్తిరించిన ఊపిరి

ఇది నిజంగా జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు, నా మీద నుంచి పోయిన రాత్రి ఇది. చర్చిలో పాస్టర్ ముందు నిలబెట్టి, బైబిలు మీద చెయ్యి పెట్టించి అడిగినా ఇదే చెబుతాను... ఒక్క మాట అటూ ఇటూ కాదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది.

మా ఇల్లు నస్పూర్‌లో. బాపు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ పని చేసుకుంటాను. యాసీన్‌ది మెట్‌పల్లి. పాలిటెక్నిక్ చదివినన్నాళ్ళూ ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. వాడు 'పలుకు' అని ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. తెలుగులో ఏది రాసి ఉన్నా పైకి చదివి వినిపిస్తుంది. చూపు లేనివాళ్ళ కోసం రాసింది. అందులో చదివే గొంతు వాడి భార్యది. నస్రీన్ భాభీది.

ఆ గొంతు రికార్డు చేస్తున్నప్పుడు ఒకసారి నేను అక్కడే ఉన్నాను. వంటింట్లో తాళ్ళు కట్టి, ప్రతిధ్వని రాకుండా చుట్టూ బొంతలు వేలాడదీశాడు. మధ్యలో స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టాడు. గాజులు చప్పుడవుతాయని తీయించాడు. లోపల ఒకటే ఉక్కపోత. ఆమెకు ఒక అలవాటు ఉండేది... ప్రతి పదానికీ ముందు నోటితో చిన్నగా ఊపిరి తీసుకునేది. హుఁ... అని.

"గా ఊపిరి తియ్యకే, రికార్డుల వస్తున్నది" అన్నాడు యాసీన్.

"ఊపిరి తియ్యకుంటె సచ్చిపోత గదా" అంది ఆమె బొంతల వెనక నుంచి.

ముగ్గురం నవ్వాం. తర్వాత యాసీన్ కూర్చుని ఆ ఊపిర్లన్నీ ఒక్కొక్కటే కత్తిరించి పారేశాడు. చాలా రోజులు అదే పని. పలుకులో ఆమె మాట ఉంది, ఊపిరి లేదు. ఒక్కటి కూడా లేదు. నేనే అన్నీ విని చూశాను.

నిరుడు వానాకాలంలో ఆమె పోయింది. డెంగీ. ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజే అయిపోయింది. యాసీన్ చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు వాడే ఫోన్ చేశాడు. నన్ను దానీ అని పిలుస్తాడు వాడు.

"దానీ, పలుకును లినక్స్‌ల పెట్టియ్యిరా. నాతోటి అయితలేదు. గా గొంతు వినుకుంట నేను పని చెయ్యలేను. యాడ కంప్యూటర్ ఉన్నా దాంట్ల ఆమె మాట్లాడాలె. గంతే నాకు కావాల్సింది."

వాడు అట్లా అడిగితే కాదనడానికి నోరు రాలేదు నాకు.

తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. లినక్స్ అంటే విండోస్ లాగా కంప్యూటర్‌ను నడిపేది, కాకపోతే ఉచితం. లోకంలో ఎవరెవరో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాంలన్నీ కలిపి ఉచితంగా పంచిపెట్టేవాళ్ళుంటారు. దాన్నే డిస్ట్రిబ్యూషన్ అంటారు. అందులో చేరితే ఎవరైనా ఎక్కడైనా తెచ్చుకోవచ్చు. కానీ ఊరికే చేర్చుకోరు. ప్రోగ్రాంను ప్యాకేజీగా కట్టి ఇవ్వాలి. లోపలున్న ప్రతిదీ ఎవరిదో, వాళ్ళు ఒప్పుకున్నారో లేదో రాయాలి. ఎందుకంటే ఒకసారి చేరాక ఆ గొంతును ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, దాంతో ఏ మాటైనా పలికించుకోవచ్చు. వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. కంప్యూటర్ లోపలే ఏమీ లేని ఖాళీ గది లాంటిది ఒకటి తయారుచేసి, అందులో ప్యాకేజీ కట్టాలి. ఆ గదికి ఇంటర్నెట్ ఉండదు. మైకు ఉండదు. బయటి చప్పుడు చీమంత కూడా లోపలికి పోదు. అట్లా రెండుసార్లు కట్టాలి. రెండూ చివరి అక్షరం దాకా ఒకేలా ఉండాలి. తేడా వచ్చిందంటే బయటిదేదో లోపలికి వచ్చినట్టు లెక్క.

ప్యాకేజీ ఇవ్వడానికి వాళ్ళు పెట్టిన గడువుకు అది చివరి రాత్రి. నా భార్య కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. ముందు గదిలో బాపు నిద్రపోతున్నాడు. బాయిలో పేలుళ్ళు వినీ వినీ చెవులు పోయాయి ఆయనకు. ఇంట్లో నేను మేలుకుని తిరుగుతున్నా ఆయనకు తెలియదు.

ప్యాకేజీని పరిశీలించే ఆయన ఏ దేశంలో ఉంటాడో నాకు తెలియదు. ఆ రాత్రి ఒకే ఒక్క ప్రశ్న పంపాడు. ఈ గొంతు ఎవరిది... ఆమె ఇందుకు ఒప్పుకుందా?

యాసీన్‌కు ఫోన్ చేశాను. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. మంచం మీదే పెట్టి స్పీకర్ వేశాను.

"భాభీ ఒప్పుకున్నదా అని అడుగుతున్నరురా. ఏం రాయాలె?"



"ఒప్పుకున్నది" అన్నాడు.

"ఎవలైనా మార్చుకోవచ్చు, ఏమైనా పలికించుకోవచ్చు అని ఆమెకు చెప్పినవా?"

అప్పుడే కాళ్ళ కింద ఎక్కడో ధబ్బుమంది. కిటికీ రెక్క సన్నగా వణికింది.

"ఏంది గా చప్పుడు?" అన్నాడు యాసీన్.

"బాయిల పేల్చిండ్రు తియ్యి." మా నస్పూర్ వాళ్ళం దానికి తల కూడా ఎత్తం. "నేనడిగింది చెప్పు."

"చెప్పిన అంటున్న గదా. ఒప్పుకున్నదని రాయి. పరేషాన్ చెయ్యకు దానీ."

ఫోన్ పెట్టేశాడు. ఒప్పుకున్నదని ప్యాకేజీలో రాశాను. ప్యాకేజీ కట్టడం మొదలుపెట్టాను.

కట్టేటప్పుడు ప్రోగ్రాం తనను తాను పరీక్షించుకుంటుంది. మేం పెట్టిన వాక్యం ఒకటి చదివి, ఆ శబ్దాన్ని ఒక ఫైలుగా పెడుతుంది. 'వాన వచ్చేట్టుంది, బట్టలు తియ్యండి.' ఇదీ వాక్యం. కంప్యూటర్ మొదటిసారి కట్టింది. రెండోసారి కట్టింది. రెంటినీ పోల్చింది.

ఒకేలా లేవు.

అట్లా జరుగుతూనే ఉంటుంది, ఎక్కడో తేదీ దూరి ఉంటుందనుకున్నాను. విసుక్కుంటూ వెతికాను. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి. తేడా ఆ శబ్దం ఫైలులోనే. రెండోది మొదటిదానికన్నా పొడుగుంది. చాలా పొడుగు.

చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

వాన వచ్చేట్టుంది... బట్టలు తియ్యండి...

భాభీ గొంతే. రోజూ వినేదే. అక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు.

నిశ్శబ్దం. కానీ ఉత్త నిశ్శబ్దం కాదు. ఏదో గది ఉంది అందులో. టక్... టక్... టక్... అని ఎక్కడో తిరుగుతోంది. ఈ చప్పుడు నాకు తెలుసే అనుకున్నాను. హెడ్‌ఫోన్ తీశాను. నెత్తి మీద నా ఫ్యాను... టక్... టక్...

మళ్ళీ పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో దేవుడికే తెలియాలి.

దూరంగా... బొంత కప్పుకుని వింటే ఎట్లా ఉంటుందో అట్లా...

"ఒప్పుకున్నది."

యాసీన్. ఫోన్‌లోంచి వచ్చే యాసీన్. ఆ తర్వాత నా గొంతు. ఆమెకు చెప్పినవా... అంటున్నాను. ఆ తర్వాత ధబ్బుమంది. కిటికీ రెక్క వణికింది. ఏంది గా చప్పుడు... బాయిల పేల్చిండ్రు తియ్యి... రాయి... పరేషాన్ చెయ్యకు దానీ...

నా మంచం కిర్రుమంది. అందులో. ఫోన్ పెట్టేశాక నేను కదిలిన చప్పుడు.

తర్వాత ఫ్యాను ఒక్కటే. టక్... టక్...

అప్పుడు... చెవి పక్కనే...

హుఁ...

అంతే. ఫైలు అయిపోయింది.

మేం మాట్లాడుకున్న మాటలు దూరంగా ఉన్నాయి. ఊపిరి దగ్గరగా ఉంది. అంటే ఆ ఊపిరి తీసినవాళ్ళే ఇదంతా విన్నారు, మాకు దూరంగా కూర్చుని... ఈ గదిలోనే. మంచానికి దూరంగా ఉన్నది ఒక్కటే చోటు. నా వెనక, బీరువా పక్క మూల. తల తిప్పాలంటే మెడ రాలేదు. ఏడుపు వచ్చింది, నిజంగా చెబుతున్నాను, చిన్నపిల్లాడిలా ఏడుపు వచ్చింది. ఎప్పటికో తిప్పాను. మడతపెట్టిన బొంతలు ఉన్నాయి. ఇంకేం లేదు. ఏదో ఒకటి కనబడి ఉంటే ఉరికి బాపును లేపేవాణ్ణి, తేలిపోయేది.

ధైర్యం తెచ్చుకుని ఆలోచించాను. నా ల్యాప్‌టాప్ మైకు ఎప్పుడో చెడిపోయింది. పనిచేసినా ఆ ఖాళీ గదిలోకి అది పోదు. పోయినా ఆ మాటలు నేను కట్టడం మొదలుపెట్టక ముందటివి. ఎట్లా చూసినా లెక్క కుదరలేదు.

ఇంకోటి తట్టింది. అది తట్టాక అసలు భయం వేసింది. ఆమె ఊపిరి తీసుకునేది మాట్లాడబోయే ముందు. మూడోసారి కడితే... ఆ మాట వస్తుందేమో. ఎంటర్ మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను.

యాసీన్‌కు చేశాను.

"నిజం చెప్పురా. భాభీని అడిగినవా?"



"అడుగలే" అన్నాడు. "అప్పటికి అదంత ఇంట్ల ఆట లెక్క ఉండె. తర్వాత అడుగుదమనుకున్న. తర్వాత ఏడున్నదిరా దానీ?"

విన్నదంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. "నేనొస్తున్న" అని పెట్టేశాడు.

రాసింది కొట్టేశాను, ఆ ప్రశ్నకు జవాబు పంపలేదు. గడువు పోతే పోయింది. ముందు గదిలో దీపం వేసి, బాపు కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆయన గురక వింటూ ఉంటే కాస్త నయమనిపించింది.

తెల్లారకముందే బండి చప్పుడైంది. మెట్‌పల్లి నుంచి ఆ చీకట్లో ఎట్లా వచ్చాడో. నా కదలికకు బాపు లేచి తలుపు తీసి, "గింత పొద్దుగాల ఏంది బిడ్డా, అంత మంచిదేనా?" అంటున్నాడు. యాసీన్ సరాసరి నా గదిలోకి పోయాడు. హెల్మెట్ కూడా తీయలేదు.

నేను వెనకాలే పరుగెత్తాను. "ఆగురా!" అని అరిచాను.

అప్పటికే ఎంటర్ నొక్కేశాడు.

కొత్తగా కట్టే ముందు కంప్యూటర్ ఆ ఖాళీ గదిని కడిగేస్తుంది. పాతదేదీ మిగలనివ్వదు. అదే దాని పని. ఊపిరి ఉన్న ఆ ఫైలును పక్కన దాచుకోవాలన్న తెలివి రాత్రి నాకు లేదు, దాన్ని ముట్టుకోవాలంటేనే భయం. ఆ సంగతి యాసీన్‌కు తెలియంది కాదు. ఈ పని నాకు నేర్పిందే వాడు.

రెండుసార్లు కట్టింది. పోల్చింది. ఒకేలా ఉన్నాయి.

వాన వచ్చేట్టుంది, బట్టలు తియ్యండి. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ నొక్కాడు. ఒకేలా. మళ్ళీ. మళ్ళీ. బాపు చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు, అది చల్లారిపోయింది. ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చింది. వాడు నొక్కుతూనే ఉన్నాడు. అప్పటికి గాని వాడికి తట్టలేదు, తను ఏం చెరిపేశాడో. చెయ్యి ఆగిపోయింది.

మెల్లగా నా వైపు తిరిగాడు.

"నువ్వు విన్నవు గదా దానీ" అన్నాడు. "గా ఊపిరి ఎట్ల తీసుకున్నదో చెప్పు. సరే అనెముందు తీసుకున్నట్టా... వద్దనెముందు తీసుకున్నట్టా?"

నాకేం తెలుసు? తెలియదంటే వాడు బతకడేమో అనిపించింది. ఏం చెయ్యాలో తోచక... నేనే నోటితో చేసి చూపించాను.

హుఁ...

కళ్ళు మూసుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"గట్ల గాదు. ఇంకోసారి చెయ్యి."

పలుకు ఇప్పటికీ ఎక్కడా చేరలేదు. ఒప్పుకున్నదని రాయడానికి నాకు చెయ్యి రాదు, ఒప్పుకోలేదని రాయడానికి వాడికి మనసు రాదు. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు అదే అడుగుతాడు, నేను చేసి వినిపిస్తాను. ఒక్కోసారి సరే అన్నట్టు వస్తుంది, ఒక్కోసారి వద్దన్నట్టు వస్తుంది. చేసీ చేసీ... ఆ రాత్రి నేను విన్నది ఏదో ఇప్పుడు నాకే తెలియకుండా పోయింది.