వానకు దారాలు కట్టిన మేస్త్రీ

పైపుల మేస్త్రీ పోయి ఏడాది దాటింది. ఆయన ప్రస్తావన వస్తే జనం ఇప్పటికీ ముందుగా ఎత్తేది వాన నాటకం సంగతే. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో సగం ఇళ్ళ కొళాయిలు బాగుచేసిన మనిషిని రెండు నెలలు కూడా ఆడని నాటకంతో గుర్తుపెట్టుకోవడం ఏమిటని ఆయన ఉంటే విసుక్కునేవాడు. విసుక్కోవడం ఆయనకు బాగా వచ్చు. ఇప్పుడు ఆయన తరఫున మిగిలినవాళ్ళం విసుక్కోవలసిందే, అంత బాగా రాకపోయినా.

ఆ నాటకానికి అసలు పేరు వేరే ఉండేది, గోడమీద రాసినవాడు తప్ప ఇంకెవరూ వాడలేదు. పాటల నాటకం. కథ పిసరంత. వరద ముంచుకొస్తున్న వీధిలో ఒక కుటుంబం, ఇల్లు వదలాలా వద్దా అని రెండున్నర గంటలు పాడుకుంటుంది. విశేషమంతా వానదే. వేదిక మీద నిజం వాన కురిసేది. రేకుల కప్పుల మీద, పాడేవాళ్ళ నెత్తిన, చిట్లి చిట్లి ముందు మూడు వరసల జనం ఒళ్ళో కూడా పడేది. దాన్ని కురిపించేది మేస్త్రీ. హాలు వెనక రెండు ట్యాంకులు, వేదికకు పైన అడ్డంగా చిల్లుల పైపులు మూడు, కింద తొట్టి, తొట్టి నీళ్ళు తిరిగి పైకెక్కించే మోటారు. పైన ఒక మనిషి పట్టేంత నడవలో కూర్చుని ఆయన చక్రాల వాల్వులు మూడూ తిప్పుతూ ఉండేవాడు. సంగీతం వాళ్ళకంటే ఆయన చెయ్యే ముందు కదలాలి, ఎందుకంటే వాల్వు తిప్పాక చుక్క కిందపడడానికి నాలుగు క్షణాలు పట్టేది.

మొదటి వారంలోనే ఊరు రెండుగా చీలింది. వాన చూస్తే చాలన్నవాళ్ళు ఒక పక్షం, పాట వినిపించలేదన్నవాళ్ళు ఒక పక్షం. మేస్త్రీ పని ఎక్కువగా సింకు కింద వెల్లకిలా పడుకుని చేసేది కాబట్టి అభిప్రాయాలన్నీ పైనుంచి ఆయన మొహం మీదే పడేవి. చెప్పే మనిషి కనపడడు, పాదాలు కనపడతాయి. పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రిలో నల్లబూట్లు అన్నాయి, ముప్ఫై పాటలట, మూడు వినపడ్డాయి, అది నాటకమా ట్యాంకు కడగడమా అని. పక్కనే ఉన్న నర్సు తెల్లచెప్పులు ఒప్పుకోలేదు. పాటలు రేడియోలో వింటాం, నాలుగు గోడల మధ్య వాన ఎక్కడ చూస్తాం అన్నాయి.

"మా ఇంటికి రామ్మా, చూద్దువుగాని. శ్లాబు కారుతోంది," అన్నాడు డాక్టరు. ఆ తర్వాత బూట్లు రెండూ సింకువైపు తిరిగాయి. "మేస్త్రీ, నువ్వు చెప్పు. మధ్యస్థంగా చెప్పు."

"నోట్లో స్పానరు ఉందండీ," అన్నాడు మేస్త్రీ.

స్పానరు చేతిలోనే ఉంది. నాటకం ఆడినన్నాళ్ళూ ఆ అబద్ధంతోనే నెట్టుకొచ్చాడు. మంగలి దగ్గర గడ్డానికి సబ్బు అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసుల్లో పనిచేసేటప్పుడు మోటారు ఆపకుండా ఉంచుకున్నాడు. ఎక్కడికెళ్ళినా అదే గోల. నీళ్ళు ఎక్కువ పోశావని నిలదీసేవాళ్ళు కొందరు, మా వరసదాకా చిందలేదే అని నిష్ఠూరమాడేవాళ్ళు కొందరు. ఆ నాటకం రాసింది, పాడింది, ఆడించింది తనే అన్నట్టు.

పోనీ ఇంటికొస్తే ప్రాణం తెరిపిన పడుతుందా అంటే అదీ లేదు. ఆయన భార్య వాన పక్షం. ఇరుగుపొరుగును వెంటేసుకుని నాలుగుసార్లు వెళ్ళింది, నాలుగుసార్లూ రెండో వరసలోనే కూర్చుంది, తలంతా తడుపుకుని పెళ్ళినాటి మొహంతో తిరిగొచ్చింది. ఆయన అక్కది అవతలి పక్షం. అక్క ఆ నాటకంలో పాడుతుంది.

అక్క దర్జీ. ముందుగదిలో కాలి మిషన్ మీద జాకెట్లు కుట్టి తమ్ముణ్ణి పెంచింది. అమ్మ పోయేనాటికి ఆమెకు పదిహేడు, వీడికి ఆరు. బడి అబ్బలేదని తేలాక చెయ్యిపట్టి తీసుకెళ్ళి ఒక పెద్ద మేస్త్రీ దగ్గర పనిలో పెట్టిందీ ఆమే. కుడుతున్నంతసేపూ పాడేది. ఎవరో నేర్పింది కాదు. మిషన్ చప్పుడు మీద గెలవాలి కాబట్టి గొంతు దానంతటదే పెరిగింది. నాటకం వాళ్ళు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చి ఆ గొంతు విన్నారు. నెత్తిన మూటతో వానలో ఒంటరిగా నిలబడి నాలుగు పాదాలు పాడే ముసలమ్మ వేషం ఖాళీగా ఉంది. మేకప్ ఖర్చు కూడా ఉండదని దర్శకుడు ఆమె మొహం మీదే అన్నాడు. అక్కకు యాభై ఎనిమిదేళ్ళు. కోపం తెచ్చుకోవడం మరిచిపోయేంత సంతోషపడింది.

ఆ నాలుగు పాదాలు ఒక్క ఆటలో కూడా ఎవరికీ వినపడలేదు. అక్కడే మూడు పైపులూ పూర్తిగా తెరవాలి. రేకుల మీద పడే మోతకు పక్కనున్న మనిషి కేకేసినా వినపడదు. పెదాలు కదులుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. అక్క ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ రోజూ ఒకటే అడిగేది. "ఇవాళ వినపడిందా?" మేస్త్రీ మాట మార్చేవాడు. భార్య మాత్రం ఉన్నమాట చెప్పేది. "లేదు వదినా. కానీ మూట మీద చుక్కలు చిట్లుతుంటే ఎంత బాగుందో."

ఒకరోజు అక్క తువ్వాలు పక్కన పడేసింది.

"నేనేం బొమ్మనా అమ్మాయ్, మూట మొయ్యడానికి? దానికి ఒక కర్ర పాతితే చాలదూ?" అంది. ఆ తర్వాత తమ్ముడివైపు తిరిగింది. "ఇంకా తొమ్మిది ఆటలున్నాయిరా. ఒక్కసారి వినపడితే చాలు. బాగుందని ఎవరూ అనక్కర్లేదు. వినపడితే చాలు."

మేస్త్రీకి ఆ రాత్రి అన్నం సహించలేదు. చిన్నప్పటినుంచీ అక్క తమ్ముణ్ణి ఏదీ అడిగిన మనిషి కాదు.

మర్నాడు దర్శకుడి దగ్గరికి వెళ్ళాడు. ఆ నాలుగు పాదాలకు వెనక పైపులు రెండూ కట్టేస్తానన్నాడు. జనం వచ్చేది వానకోసమయ్యా, ముసలమ్మ కోసం కాదు, చుక్క కూడా తగ్గకూడదు అన్నాడు దర్శకుడు. ఆ ముసలమ్మ ఎవరికి అక్కో ఆయనకు తెలుసో తెలియదో. మేస్త్రీ తిరిగొస్తూ దారిపొడుగునా అందర్నీ తిట్టుకున్నాడు. దర్శకుణ్ణి, వాన పక్షాన్ని, పాట పక్షాన్ని, రేకులు కొట్టిన వడ్రంగిని, చివరికి నీళ్ళను. తిట్టుకుంటూ తిట్టుకుంటూనే ఆగిపోయాడు. చుక్క తగ్గకూడదన్నాడు గాని, చప్పుడు తగ్గకూడదని అనలేదు.

చప్పుడు ఆపడం పైపుల పనిలో చిన్నపిల్లల విద్య. కొళాయి కారుతుంటే, విప్పి బాగుచేసేలోగా టప్‌టప్‌మని నిద్ర చెడగొట్టకుండా దాని మూతికి ఒక దారం కట్టి బకెట్లోకి వదులుతారు. నీళ్ళు దారం పట్టుకుని జారిపోతాయి, కిక్కురుమనవు. ఒక కొళాయికి ఒక దారం సరే. వానకు ఎన్ని?

రెండువందల నలభై అని తేల్చాడు. నాలుగో పైపు ఒకటి కోశాడు. మూడు పైపుల నీళ్ళూ అందులోంచే పోవాలంటే చిల్లులు దగ్గర దగ్గరగా పడాలి, అప్పుడు ఒక్కో చిల్లుమీద ఒత్తిడి తగ్గి ధార చిమ్మకుండా దారాన్ని పట్టుకుంటుంది. పైపును తాళ్ళమీద వేలాడదీశాడు, పాట వేళకు దించి ఆ తర్వాత పైకి లాగేయడానికి. సోమవారం ఆట లేదు. పొద్దున్నే పైపును ముందుగదిలో రెండు కుర్చీలమీద పెట్టి, అక్క అరలోంచి బూడిదరంగు దారం ఉండలన్నీ కిందకు దించాడు.

అక్క నడుంమీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ఏం చేస్తున్నావురా నా దారాలతో? వానకు కుట్లు వేస్తావా?"

"అవునక్కా. చిరుగు ఎక్కువైంది," అన్నాడు.

ముగ్గురూ కూర్చుని సాయంత్రందాకా కట్టారు. ముళ్ళు అక్కవి, కొలత ఆయనది. దారం గాలికి ఊగకుండా చివర ఒక్కొక్క ఇనప వాషరు భార్య కట్టింది. కడుతున్నంతసేపూ, చప్పుడు లేని వాన ఉప్పు లేని కూర అని సణుగుతూనే ఉంది, కట్టడం మాత్రం మానలేదు. దర్శకుడికి మేస్త్రీ ఒక్క మాటే చెప్పాడు, చుక్క తగ్గదు సార్ అని. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తకుండా సరేనన్నాడు.

మంగళవారం ఆటలో ముసలమ్మ వేదిక మధ్యకు వచ్చే వేళకు మేస్త్రీ తాడు వదిలి నాలుగో పైపును దించాడు. వాషర్లు కింద పరిచిన తడి గోనెల మీద ఆనాయి. పాత వాల్వులు మూడూ కట్టేసి కొత్త చక్రం తిప్పాడు. రెండువందల నలభై నీటి గీతలు దీపాల వెలుగులో పైనుంచి కిందకు మెరుస్తూ జారాయి. రేకులు ఊరుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గిన దగ్గు కూడా ఆయనకు పైదాకా వినపడింది. అక్క పాడింది.

ఇల్లు నానితే ఆరుతుంది,
ఒళ్ళు నానితే ఆరుతుంది,
మూట నానితే ఎలాగమ్మా,
మనసులోనే మొలకెత్తుతుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తాడు లాగేశాక మూడు పైపులూ మళ్ళీ హోరెత్తాయి, వరద ముందుకు సాగింది.

ఆట విడిచాక గుమ్మం దగ్గర నిలబడి జనాన్ని విన్నాడు మేస్త్రీ. అది ఆయన చేసిన పొరపాటు. వాన మధ్యలో మూగబోయింది, మోటారు చెడిపోయినట్టుంది అన్నారు వాన పక్షం. పాట పక్షానికి చెందిన ఒకాయన, ఎన్నాళ్ళనుంచో వినపడలేదని గోలపెట్టిన మనిషే, ఆ దారాల మెరుపు చూస్తూ పాట సంగతి మరిచిపోయానని చెప్పుకుంటూ వెళ్ళాడు. మేస్త్రీకి అక్కడే నేలమీద కూర్చోవాలనిపించింది.

ఇంటికి నడుస్తూ అక్క మెల్లిగా అడిగింది. "వినపడిందా?"

"ప్రతి మాటా వినపడిందక్కా."

"నువ్వు లెక్కలోకి రావు. నీకు ఆరో ఏటినుంచీ వినపడుతోంది. అమ్మాయ్, నువ్వు చెప్పు."

భార్య చీరకొంగు పిండుకుంది. "వదినా, ఒట్టు, నేను ముళ్ళవైపే చూస్తున్నాను, ఎక్కడ ఊడిపోతాయోనని. పాట ఎప్పుడైపోయిందో తెలీలేదు."

అక్క నడక పెంచి ముందు వెళ్ళిపోయింది. అది మేస్త్రీకి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

మర్నాడు మధ్యాహ్నం బడినుంచి కబురొచ్చింది, టీచర్ల గదిలో చేతులు కడుక్కునే కొళాయి తిరగడం లేదని. గోడవైపు తిరిగి దాన్ని విప్పుతుంటే వెనక భోజనాల బల్ల దగ్గర ఇద్దరు టీచరమ్మలు వాదులాడుకుంటున్నారు. మళ్ళీ ఆ నాటకమే. మేస్త్రీ పళ్ళు బిగించాడు.

"పాడింది మూటే. కాదనను. పాడాల్సింది మాట అంటున్నాను," అంది తెలుగు టీచరు. "మాట నోట్లోనే నానిపోతే మనసులో మొలకెత్తుతుంది. అదీ అర్థం. మూట నానితే మనసులో మొలవడమేంటండీ?"

"మీరు అర్థం చూసుకోండి, నేను వరద చూస్తున్నాను," అంది లెక్కల టీచరు. "ఇల్లు మునిగిపోతుంటే మాటల గొడవ ఎవరికండీ? ఆ మనిషికి మిగిలింది ఆ మూటే. అందులో విత్తనాలున్నాయనుకోండి, మొలవవా?"

"విత్తనాలు కథలో ఎక్కడున్నాయి?"

"ఆవిడ గొంతులో ఉన్నాయి."

తెలుగు టీచరు గ్లాసు ఠక్కున బల్లమీద పెట్టింది. మేస్త్రీ కొళాయి అలాగే వదిలేసి, ఒక సామాను మరిచిపోయానని చెప్పి బయటపడ్డాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి వీధిలో దాదాపు పరుగెత్తాడు.

అక్క మిషన్ దగ్గరే ఉంది. విన్నదంతా ఊపిరాడకుండా చెప్పాడు. అక్క మొహం ముందు ఎర్రబడింది. లేచి, పెట్టెలోంచి పాట రాసిచ్చిన కాగితం తీసి కిటికీ దగ్గర పట్టుకుంది. రాసినాయన చేతిరాతలో ఆ అక్షరం దీర్ఘమో కొమ్మో దేవుడికే తెలియాలి. సాధన రోజుల్లో పైన పైపులు బిగిస్తున్న మోత. నేర్పినాయన రాగం సరిచూశాడే గాని మాట సరిచూడలేదు. నలభై ఆటలకు దగ్గరగా మూటే పాడింది.

"నెత్తిన పెట్టింది మూట. పాడేది మూట కాకపోతే ఏంటి?" అంది, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు. కాగితం మడిచింది. మళ్ళీ విప్పింది. ఈసారి గొంతు మారింది. "గట్టిగానే పోట్లాడుకున్నారా?"

"గట్టిగానే. ఒకావిడ గ్లాసు ఠక్కున కొట్టింది బల్లమీద."

"ఇద్దరూ విన్నారన్నమాట."

"అక్షరం పోకుండా విన్నారక్కా. నువ్వే చెప్పు, ఏది రైటో వెళ్ళి వాళ్ళకు చెప్పేస్తాను."

అక్క సూదిలో దారం ఎక్కించుకుంది. "ఒరేయ్, తేల్చకు," అంది.

మేస్త్రీ బడికి తిరిగి వెళ్ళాడు. వాళ్ళింకా అక్కడే ఉన్నారు, పక్కగదిలోంచి మరో ఇద్దరు వచ్చి చేరారు. నువ్వు ఆ హాల్లోనే పనిచేస్తావు కదా, మూటా మాటా అని అడిగితే, నాకు నీళ్ళ సంగతే తెలుసమ్మా అన్నాడు. పది నిమిషాల్లో అయిపోయే ఆ కొళాయి బిగించడానికి ఆయనకు గంటన్నర పట్టింది.