అరచేతిలో మొలిచిన కన్ను

జనాన్ని సూదిమందుకు పిలుచుకురమ్మని పంపితే, వాళ్లను సూదికి ఆమడ దూరం పరుగెత్తించిన ఘనత నాది. నవ్వుకోండి, ఇన్నేళ్లయింది, నేనూ నవ్వుతున్నాను.

సినిమా సీడీలు కిరాయికి దొరికే రోజులవి. భద్రాచలం అడవి అంచున ఒక ఆరోగ్య కేంద్రంలో నాకు కొత్తగా కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. వానలు పడి అందరూ నాగళ్లు, గొడ్డళ్లు పట్టకముందే ధనుర్వాతం సూదులు వేయాలి. ఒక ఊళ్లో అంతకుముందు క్యాంపు పెడితే జనమంతా తునికాకు కోతకు పోయారట. ఈసారీ ఎవరూ రాకపోతే ఇంటికి పొమ్మని డాక్టరుగారు నాతో తేల్చి చెప్పారు. సినిమా వేస్తే ఎందుకు రారు అని నాకో మహత్తరమైన ఆలోచన తట్టింది.

సత్తుపల్లి సీడీల షాపులో ఒక డబ్బింగ్ సినిమా కనిపించింది. అట్టమీద తెల్లకోటు మనిషి, చేతిలో సిరంజి, వెనక నక్షత్రాలు. ఇంతకంటే శుభశకునం ఏముంటుంది చెప్పండి? "ఒకసారి చూసి ఎయ్యి తమ్మీ" అన్నాడు షాపాయన. "సైన్సే గదన్నా" అన్నాను. కొరివితో తల గోక్కోవడం అంటారే, నేను ఆ కొరివిని కిరాయికి తెచ్చుకుని మరీ గోక్కున్నాను.

మధ్యాహ్నం బడిగదిలో టీవీ పెడితే ఊరంతా వచ్చింది. తెరమీద శాస్త్రవేత్త ఆకాశం నుంచి పడిన రాయిలోంచి మందు తీశాడు. "ఏం కాదు" అంటూ తన చేతికే పొడుచుకున్నాడు. కాసేపటికి అతని అరచేతిలో కన్ను తెరుచుకుంది. తర్వాత మోచేతికొకటి, మెడమీదొకటి, బోడకాకరకాయల్లా ఎక్కడపడితే అక్కడ కాశాయి. ఆపుదామని లేస్తే పిల్లలు నన్ను లాగి కూర్చోబెట్టారు. చివర్లో అతను పెళ్లాం చెయ్యి పట్టుకోబోతే, అరచేతిలోని కన్నును చూసి ఆమె వెనక్కి జరిగింది. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నేనూ ముక్కు చీదాను.

సరిగ్గా అప్పుడే మా నర్సు జ్యోతి సిస్టర్ తెల్లకోటుతో, చేతిలో సిరంజితో గుమ్మంలోకి వచ్చింది. గది ఖాళీ అయిపోయింది. కొందరు కిటికీలోంచి వెళ్లారు.

వెంటపడి బతిమాలాను. ఊరందరికీ పెద్దదిక్కైన ముత్తవ్వ తన వాకిట్లో నన్ను ఆపింది. ఏం కాదవ్వా అన్నాను.

"సిన్మాల వాడు గూడ గదే అన్నడు. ముందుగాల నువ్వు పొడిపిచ్చుకో, మేం చూస్తం."

మీకు మాత్రం చెబుతాను, నాకు సూదంటే ప్రాణభయం. ఆరోగ్యశాఖ జీతం తింటూ ఆ మాట ఎవరితో అనను? పోయిన ఏడే వేయించుకున్నానని కోతలు కోశాను. "చొక్కా చెయ్యి మడవండి సార్" అంది నా వెనకే వచ్చిన జ్యోతి సిస్టర్. సూది దగ్గరికి రావడం వరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి సూది పొడిచిన చోట దూది ఉంది, నా తల ముత్తవ్వ ఒడిలో ఉంది. జనం నా పిడికిలి విప్పి అరచేతిలో కన్ను కోసం వెతుకుతున్నారు. సిగ్గుతో ఏడుపొచ్చేసింది. మీరు రాకపోతే నా నౌకరీ పోతుందని ఉన్నదంతా కక్కేశాను.

ముత్తవ్వ నా రెండో చెయ్యి కూడా తిప్పి చూసింది. "ఈ పిలగానికి కండ్లు రెండే. గవి గూడ నీళ్లు పెట్టుకున్నయి" అంది. తర్వాత వెళ్లి సిస్టర్ ముందు కూర్చుంది. "పొడువు బిడ్డా. ఈని నౌకరీ పోవద్దు."

ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. మందు మీద నమ్మకంతో కాదు, పాపం, నా మీద జాలితో. పొద్దుగూకేసరికి మందుపెట్టె ఖాళీ.

మర్నాడు డాక్టరుగారు నా భుజం తట్టారు. "సినిమా బాగా పనిచేసిందటయ్యా. మిగతా ఊళ్లల్లో కూడా అదే వెయ్యి."

సీడీ మీద గీతలు పడ్డాయి సార్ అన్నాను. ఆ మాట నిజం చేయడానికి నాకు ఒక మేకు సరిపోయింది.

భద్రాద్రి రాముడి మీద ఒట్టు: చివరిదాకా నేను చూడని సినిమా ఇంకెవరికీ చూపించను. చూపించినా, నా బదులు సూది పొడిపించుకునే మనిషిని వెంట తీసుకెళ్తాను.