తుడవని టేకు

ఇన్నేళ్లుగా గుండెలో పెట్టుకుని మోస్తున్నది ఒక్క చిన్న అబద్ధం. చిన్నదంటున్నాను, చూశారా? ఇప్పటికీ దాన్ని తగ్గించి చెప్పుకోవాలనే ఉంది నాకు. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియకపోవడమే నా ధైర్యం.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు. పోర్టుకు వెళ్లే రోడ్డు పక్కన మా అక్క భర్తకి వడ్రంగి కొట్టు ఉండేది. నాకు పని నేర్పి, అన్నం పెట్టింది ఆ బావే. రిటైరైన ఒక మాస్టారికి చేతుల కుర్చీ చెయ్యమని ఆయన కొడుకు బర్మా టేకు తెచ్చిచ్చాడు. ముట్టుకుంటే వేళ్లకు జిడ్డు తగిలే కర్ర. దానికి జిగురు ఓ పట్టాన పట్టదు. స్పిరిట్‌తో తుడిచి, ఆరీ ఆరగానే రాసెయ్యాలి. బావ అన్నీ చెక్కిపెట్టి, అతికించడం నాకు అప్పజెప్పి బయటికెళ్లాడు. చూస్తే సీసాలో స్పిరిట్ లేదు. అమ్మే షాపు దగ్గరే. కానీ మాట్నీకి టైమైపోతోంది. జిగురు కాస్త ఎక్కువ రాసి, బిగించేసి వెళ్లిపోయాను. ఆ సినిమా ఏమిటో కూడా ఇప్పుడు గుర్తులేదు.

కొన్నాళ్లకు మాస్టారు లేవబోతూ కుర్చీ చేతి మీద బరువు మోపితే అది ఊడొచ్చేసింది. తుంటి ఎముక విరిగింది. ఆయన మళ్లీ నడవలేదు.

ఊడిన ముక్కని బావ గోటితో గీకాడు. జిగురు పొరలా లేచొచ్చింది.

"తుడిసావేట్రా?"

"తుడిసాను బావా."

నమ్మేశాడు. అనుమానపడి ఒక్క దెబ్బ వేసుంటే చెప్పేసేవాణ్ణేమో. నిజంగా చెప్పేసేవాణ్ణా? ఏమో.

"అయితే నా సెక్కడంలోనే తేడా వచ్చుంటాది. నా సేతుల్లో పని పోయిందిరా."

అంతే. మాస్టారి కాళ్లు పట్టుకుని ఏడ్చి వచ్చాడు. చిత్రిక, ఉలులు అన్నీ నాకిచ్చేసి, అక్కని తీసుకుని పద్మనాభం అనే పల్లెకి పోయి ఒకరి పొలంలో కూలికి కుదిరాడు. ఆ చిత్రికతోనే నా ఇల్లు గడిచింది. పేరూ వచ్చింది. అప్పటినుంచీ, జిడ్డు లేని కర్రని కూడా స్పిరిట్‌తో తుడవకుండా నేను అతికించలేదు. ఎవరికోసం ఆ తుడవడం?

బావని చివరి రోజుల్లో చూడ్డానికి వెళ్తే, మంచం మీంచే నా చేతులు తడిమి, "బాగా సేత్తన్నావంట" అని సంబరపడ్డాడు. అప్పుడైనా చెప్పాల్సింది. పక్కనే అక్క ఉందని ఊరుకున్నాను. అక్క లేకపోయినా ఊరుకునేవాణ్ణే. ఆ కుర్చీయే మీ బావని తినేసిందిరా అంటుంది అక్క ఇప్పటికీ. నేను తలూపుతాను.

క్షమించమని ఎవరిని అడగను? అడగాల్సిన మనిషి లేడు. అక్కకి చెప్పే గుండె నాకు లేదు, ఇక రాదు కూడా. ఆ రోజు ఆయన అడిగినదానికి జవాబు మాత్రం మీ దగ్గర పెడుతున్నాను. ఇన్నేళ్లకి నోరు తెరుచుకుంది.

తుడవనేదు, బావా.