మూసిన కిటికీల కాలనీ

జిల్లా కొత్తగా ఏర్పడ్డ మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను జగిత్యాల నుంచి సిరిసిల్లకు పట్టణ ప్రణాళికాధికారిగా బదిలీ చేశారు. చేరగానే ఒక పని అప్పగించారు. ఎల్లారెడ్డిపేట వైపు పోయే రోడ్డు మీద ఏళ్ల తరబడి మూతపడి ఉన్న నూలు మిల్లు స్థలంలో నేత కుటుంబాలకు ఇళ్ల కాలనీ వేయాలి. వాళ్లంతా అప్పటిదాకా ఊరి నడుమ ఇరుకు గల్లీల్లో అద్దెకు ఉంటున్నవాళ్లు.

ఇలాంటి స్థలంలో మొదటి పని గీతలు గీయడం కాదు. మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమి పారిశ్రామిక జోన్ కింద ఉంటుంది. దాన్ని నివాస జోన్‌గా మార్చాలి. మార్చే ముందు నోటీసు వేసి జనం అభ్యంతరాలు వినాలి. ఇంటితోపాటు చిన్న చిన్న పనులకూ వీలిచ్చే మిశ్రమ జోన్ కూడా ఒకటి ఉంది కానీ, దానికి పై ఆఫీసు నుంచి కొర్రీలు ఎక్కువ. నేను నివాస జోనే ప్రతిపాదించాను. కొర్రీల భయం ఒక్కటే కారణం కాదు. మరమగ్గాల చప్పుడు, నూలు దుమ్ము లేనిచోట ఈ జనం గుండెనిండా ఊపిరి పీల్చుకోవాలని నా పట్టుదల. మగ్గాల షెడ్లు ఊళ్లోనే ఉంటాయి, మగవాళ్లు వెళ్లి వస్తారు, ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఇదీ నా లెక్క. ప్రతి ఇంటికీ ఎదురెదురుగా పెద్ద కిటికీలు ఉండాలని ఇంజనీర్లతో పోట్లాడి మరీ పెట్టించాను. ఆ కిటికీలంటే నాకు గర్వం కూడా ఉండేది.

విచారణ రోజు రాజవ్వ అనే ఆమె లేచి నిలబడింది. భర్త మరమగ్గం మీద కూలికి నేస్తాడు. ఆమె షావుకారు పంపిన నూలును చిన్న మోటారు మిషన్ మీద కండెలకు చుట్టి ఇస్తుంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టేవి ఆ కండెలే. సిరిసిల్లలో ఆ పని ఇళ్లలో ఆడవాళ్లదే.

“మేడం, కొత్తింట్ల కండెల మిషన్ పెట్టుకోవచ్చునా? మా అత్త మంచం పట్టింది. ఆమెను ఇడిసిపెట్టి నేను షెడ్డుకు ఎట్ల పోవాలె?” అని అడిగింది.

ఇంట్లో కుదరదని, పనికి వేరే చోటు చూపిస్తారని చెప్పాను. ఎవరు చూపిస్తారో నాకే తెలియదు. “మీరు మా మంచికే చెప్తరు గద” అని కూర్చుంది. అభ్యంతరాలేవీ రాలేదని ఫైలులో రాశాం. అడిగింది ప్రశ్నే గాని అభ్యంతరం కాదు కదా. మా శాఖలో అంత నిక్కచ్చిగా ఉంటాం.

ఇళ్లు నిండిన తరువాతి వేసవిలో, కాలనీ పక్కనే ఇల్లు కట్టుకున్న ఒక ఉద్యోగి మిషన్ల చప్పుడు భరించలేకపోతున్నానని ఫిర్యాదు ఇచ్చాడు. తనిఖీకి మామూలుగా కింది ఉద్యోగిని పంపుతాం. నా కాలనీ కదా అని నేనే వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. వీధిలో చప్పుడు లేదు. అన్ని ఇళ్ల కిటికీలూ మూసే ఉన్నాయి.

రాజవ్వ తలుపు తట్టాను. లోపల మోటారు ఆగింది. తలుపు తీయగానే పొయ్యి మూత తీసినట్టు వేడి కొట్టింది. కిటికీల సందుల్లో గోనె సంచులు కుక్కి, మీద బొంతలు కట్టింది. మిషన్ కింద పాత పరుపు ముక్క. ఫ్యాన్ వేస్తే దూది లేస్తుందని అదీ ఆపేసింది. మంచం మీద అత్త, ఛాతీ మీద తడి తువ్వాలతో పడుకుని ఉంది. ఆమె కనుబొమల మీద సన్నగా దూది పేరుకుంది.

కిటికీలు తెరుచుకోవచ్చు కదా అన్నాను.

“చప్పుడు బయటికి పోతె మీకు మాటొస్తది మేడం. మీరు గింత మంచిగ కట్టిచ్చిండ్రు” అంది రాజవ్వ. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ముసలామె నా వైపు తల తిప్పింది. “కూసో బిడ్డా. పాతింట్ల కిటికీ లేకుండె. గాని తలుపు తెరిసి ఉంటుండె.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అంత సిగ్గు నా ఉద్యోగంలో మరెప్పుడూ పడలేదు. రాజవ్వ చాయ్ పెడతానంటే, పొయ్యి వెలిగితే ఆ గది ఇంకెంత ఉడుకుతుందోనని వద్దన్నాను. పెద్దమనిషినని వద్దన్నానని ఆమె అనుకుని ఉంటుంది.

వీధిలో నిలబడితే చప్పుడు వినిపించలేదని నివేదిక రాశాను. అది అక్షరాలా నిజం. ఫిర్యాదు మూసేశారు. ఆ తరువాత కాలనీని మిశ్రమ జోన్‌గా మార్చాలని ప్రతిపాదన పంపాను. మొదటి విచారణలో ఎవరూ అభ్యంతరం చెప్పనందున మార్పు అవసరం లేదని తిప్పి పంపారు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఇక్కడ పడింది నేను కాదు, రాజవ్వ.

చివరి పోస్టింగు కోరుట్లలో చేశాను. అక్కడ ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. కొత్త లేఅవుటు చేతికి వచ్చినప్పుడు గదులు ఎన్ని కావాలని కాదు, పగటిపూట ఇంట్లో ఏం పని చేస్తారని ముందు అడిగాను. ఇల్లు గీసేవాళ్లు మొదట తెలుసుకోవలసింది అదే. సిరిసిల్లలో నేను అడగకపోయినా రాజవ్వ తనంతట తానే లేచి చెప్పింది. నేను రాసుకోలేదు.