అవ్వ పెట్టిన నీళ్ళు

నా మొదటి దూరపు గుర్రపుస్వారీ పోటీ కోసం నెల రోజులుగా ఉదయగిరి దారుల్లో రాణి అనే ఆడగుర్రం మీద సాధన చేస్తున్నాను. దారిలో నీళ్ళు తాగని గుర్రాన్ని పోటీ మధ్యలోనే ఆపేస్తారు. రాణి నేను పెట్టిన నీళ్ళు ముట్టేది కాదు.

ఒకరోజు ఆత్మకూరు దగ్గర పొలంలో ఒక అవ్వ నన్ను దిగమంది. జీను పట్టీ వదులు చేయించి, బోరు నీళ్ళ బకెట్ పెట్టింది. రాణి మొత్తం తాగేసింది. నాకు కడుపు మండింది.

"నేను పెడితే తాగదవ్వా," అన్నాను.

"ఇంటికొచ్చినోళ్ళని కూర్చోబెట్టి గదా నీళ్ళిచ్చేది. మోత దించకుండా తాగమంటే ఎట్ట తాగతాది?"

బయల్దేరుతుంటే రాణి మెడ తిప్పి ఆమెనే చూసింది. నేను కళ్ళెం లాగి, వస్తానని కూడా చెప్పకుండా కదిలాను.

పోటీలో ఆగిన ప్రతిచోటా జీను వదులు చేశాకే నీళ్ళు పెట్టాను. రాణి తాగింది, చివరిదాకా వెళ్ళాం. ఈ పద్ధతి ఎవరు నేర్పారని తోటి రౌతు అడిగితే, నేనే కనిపెట్టానన్నాను.