అంతా మీదే, గురువుగారూ

పటమటలో మా ఇంటికి రెండు వీధుల అవతల, టైర్ల కొట్టు పైన ఒక జిమ్ ఉంది. మెట్లెక్కుతున్నంతసేపూ రబ్బరు వాసన, పైకి వెళ్లాక చెమట వాసన. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ బోర్డు కింద నుంచే వెళ్లేవాణ్ణి. అద్దంలో తమను తాము చూసుకుని మురిసేవాళ్ల చోటు అది అనుకునేవాణ్ణి. రిటైరయ్యాక నేనే వెళ్లి చేరాను. కారణం మా ఆవిడ.

ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, పాట తిరిగి వచ్చింది, చెయ్యి చాలావరకు వచ్చింది. ఎడమ కాలు మాత్రం వెనకబడింది. ఒకసారి నిలబడితే కర్ర పట్టుకుని నడుస్తుంది. కూర్చున్నచోటు నుంచి లేవడమే కుదరదు. ఆమె సన్నటి మనిషి కాదు, నేను బలశాలిని కాను. పత్రికలో డెస్కు ముందు వంగి వంగి గట్టిపడిన నడుము నాది. పొద్దున్నే ఆమెను మంచం మీంచి లేపేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చేది. నేను కండ పెంచితే ఆమెను సులువుగా లేపవచ్చన్నది నా ఆలోచన.

ఆమె ఆలోచన వేరు. పెళ్లికి ముందు నుంచీ చర్చిలో కోయిర్‌లో పాడిన మనిషి. ఆదివారం పాట మొదలుపెట్టే ముందు పాస్టరుగారు "అందరం లేచి నిలబడదాం" అంటారు. ఒక్క క్షణం ఆగి, "నిలబడలేనివారు కూర్చునే ఉండవచ్చు" అని కలుపుతారు. దయతోనే అంటారు. ఆమెకు జబ్బు చేయకముందు కూడా అనేవారేమో, మాకు వినపడలేదు. ఇప్పుడు మాత్రం అది ఆమె ఒక్కదానికోసమే అన్నట్టుండేది. మొదట్లో నేనూ, ముందు బల్లవాళ్లూ, వెనక బల్లవాళ్లూ కలిసి ఆమెను లేపేవాళ్లం. ఒక ఆదివారం ఇంటి ముందు ఆటో దిగుతూనే చెప్పేసింది.

"వచ్చే వారం నుంచి నన్ను లేపకండి. ధాన్యం బస్తా లారీకెత్తినట్టు ఎత్తుతున్నారు నలుగురూ కలిసి. కూర్చునే పాడుకుంటాను."

"నిలబడాలని లేదా?"

"నిలబడాలనే ఉందండీ. నిలబెట్టించుకోవాలని లేదు."

ఆ తర్వాత ఆమె కూర్చునే పాడింది. పక్కన నిలబడిన నాకు ఆమె తల పాపిడి కనిపించేది. గొంతు కింది నుంచి వచ్చేది. అప్పుడే జిమ్‌లో చేరాను.

అక్కడ నాకు తొందరగా దగ్గరైనవాడు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు యజమాని. నాకన్నా బాగా చిన్నవాడు, మంచి పొడగరి. నేను బల్ల మీద వెల్లకిలా పడుకుని, ఇనుప కడ్డీని గుండెల దాకా దించి, మళ్లీ పైకి తోసేవాణ్ణి. నా తల దగ్గర ఆయన నిలబడి, నా వల్ల కాకపోతే అందుకోవడానికి చేతులు కడ్డీ కింద ఉంచేవాడు. నేను పళ్లు బిగించినప్పుడల్లా "మీదే గురువుగారూ, అంతా మీదే!" అని కేక వేసేవాడు. ఆ కేకకు కడ్డీ దానంతటదే లేచేది. వారం వారం కడ్డీకి చెరొక పక్క ఇనుప బిళ్లలు పెరిగాయి.

ఇంటికెళ్లి గొప్పగా చెప్పాను, "ఇవాళ అరవై కిలోలు తోశాను."

మా ఆవిడ పేపరు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "అరవై కిలోలు తోసేవారు నన్ను లేపడానికి అంతలా రొప్పుతారేంటండీ? నేనంత పెరిగిపోయానా?"

అప్పటికే కుడి భుజం రాత్రిళ్లు సలుపుతోంది. బరువులన్నాక నొప్పి ఉంటుందిలే అనుకున్నాను.

జిమ్‌లో కోచ్ ఒక ఆమె. ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తిన మనిషి, గొంతు పెంచి మాట్లాడదు. ఒకరోజు దూరం నుంచి చూసి మా దగ్గరకు వచ్చింది.

"సార్, ఇంకోసారి చెయ్యండి. అన్నా, నువ్వు చేతులు వెనక్కి కట్టుకో."

కడ్డీ గుండెల మీదకి దిగింది. అక్కడే ఉండిపోయింది. మోచేతులు రెక్కల్లా విచ్చుకున్నాయి, నడుము బల్ల మీంచి విల్లులా లేచింది, కడ్డీ మాత్రం కదల్లేదు. ఇద్దరూ కలిసి తీశారు.

"మీదే మీదే అంటే ఇలా మీద పడేదాకానా?" అన్నాను ఊపిరి అందాక.

కోచ్ నవ్వలేదు. "మీది ఇందులో సగం కన్నా కాస్త ఎక్కువుంటుంది సార్. మిగతాదంతా ఈ అన్నదే. ఆయన భుజాలు చూడండి, ఎంత పెరిగాయో."

"అదే మేడమ్, చొక్కాలన్నీ బిగుతైపోతున్నాయేంటా అనుకుంటున్నా!" అన్నాడాయన.

నాకు కోపం రావాల్సింది, రాలేదు. నేనూ అదే పని చేసి బతికినవాణ్ణి. డెస్కు మీద కొత్త రిపోర్టరు వార్త పడితే, ఎత్తుగడ మార్చి, మధ్యలోది ముందుకు తెచ్చి, చివర కత్తిరించి, మర్నాడు అతను సంబరంగా వస్తే "అంతా నీదేనయ్యా, రెండు కామాలు పెట్టానంతే" అనేవాణ్ణి. కొన్నిసార్లు అందులో అతనిది పేరొక్కటే మిగిలేది. పేపరు వేళకి రావాలి కాబట్టి అది తప్పు కాదు. ఆ కామాల మాట మా ఇంట్లో కూడా నానుడి అయింది. కూర బాగుందంటే మా ఆవిడ "రెండు కామాలు పెట్టానంతే" అనేది.

కోచ్ బిళ్లలన్నీ తీయించింది. "అసలెందుకు చేరారు సార్?" అని అడిగింది. చెప్పాను.

"ఆవిణ్ణి మీరెత్తేస్తుంటే ఇక ఆవిడెప్పుడు లేస్తారండీ?"

ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు కూడా ఇదే అనేవాడు. ఆయన అన్నప్పుడు తలూపాను, అంతే. ఈసారి గుండెల మీద కడ్డీ దిగిన గుర్తు ఇంకా ఎర్రగా ఉంది కాబట్టి చెవికెక్కింది.

కోచ్ నన్ను ఎత్తు తక్కువ బల్ల మీద కూర్చోబెట్టి లేవమంది. పాదాలు మోకాళ్లకంటే వెనక్కి. వీపు నిటారుగా ఉంచి ముందుకు వంగాలి. ముక్కు కాలివేళ్లు దాటాకే పైకి లేవాలి. దిగేటప్పుడు కూలబడకూడదు. అది వచ్చాక భుజాల మీద కడ్డీ, తర్వాత చిన్న బిళ్లలు. ఆమె షరతు ఒకటే. మొదటిసారి ఎలా లేచానో చివరిసారీ అలాగే లేస్తేనే బరువు పెంచుతుంది. ఒకరోజు, పెంచకుండా ఇంతతోనే చేస్తానన్నాను.

"కుదరదు సార్. తేలిగ్గా ఉన్నప్పుడు అందరి ఫామూ, అంటే లేచే తీరు, బాగుంటుంది. కష్టమవ్వాలి, కానీ చెడిపోకూడదు. ఆ రెండిటికీ మధ్యలోనే మన పని."

ఆ బల్ల మీద లేస్తూ కూర్చుంటూ ఉండగా నాకు తట్టింది. ఇన్నాళ్లూ ఆమె ముక్కు కాలివేళ్ల దాకా రాకముందే నేను రెండు చేతులూ పట్టి పైకి లాగుతున్నాను. నేను లాగుతుంటే ఆమె వెనక్కి వాలుతోంది. ఇద్దరం ఎదురెదురుగా తాడు లాగుతున్నట్టే!

ఫిజియోథెరపిస్టును అడిగి ఇంట్లో మొదలుపెట్టాం. కుర్చీలో దిళ్లు వేస్తే ఎత్తు పెరిగి లేవడం తేలికవుతుంది. దిండు తీసేకొద్దీ కష్టం. అంటే ఆమెకు దిండు తీయడమే బిళ్ల వేయడం. దిళ్లన్నీ ఉండగా మొదటిరోజే ఆమె తనంతట తాను లేచింది. లేచి, తన కాళ్ల వైపు చూసుకుంది, ఎవరివో అన్నట్టు.

"మీ చేతులు దూరంగా పెట్టండి. చక్కిలిగిలి పెడుతున్నాయి."

"పడితే?"

"పడితే పట్టుకోండి. పడకముందే పట్టుకోకండి."

చర్చిలో బల్ల ఎత్తు జానతో కొలిచి వచ్చాను. దిళ్లేమీ లేని మా కుర్చీ అంత ఉంది. తొందరపడి ఒక రోజు రెండు దిళ్లు ఒక్కసారే తీసేశాను. ఆమె లేచింది కానీ బరువంతా కుడి కాలి మీదే, ఎడమ పాదం జారింది. చటుక్కున పట్టుకున్నాను. ఒక దిండు మళ్లీ వేశాను. "ఎడిటరుగారికి తొందర" అంది ఆమె. ఆ తర్వాత కోచ్ షరతే మా ఇంట్లోనూ నడిచింది. వానలు వెళ్లి చలి వచ్చేసరికి కుర్చీలో ఒక్క దిండూ మిగల్లేదు.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ఎప్పటి బల్లలోనే కూర్చున్నాం. పాస్టరుగారు "అందరం లేచి నిలబడదాం" అనగానే ఆమె బల్ల అంచుకు జరిగి పాదాలు వెనక్కి తీసుకుంది. ఆయన రెండో వాక్యం అనేటప్పటికి ముందుకు వంగి ఉంది. ముందు బల్లలో ఒకామె వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. వద్దని తల అడ్డంగా ఊపాను. నా చేతులు మా ఆవిడ నడుముకు రెండు పక్కలా గాలిలో ఉన్నాయి.

సగంలో ఆగింది. ఎడమ మోకాలు వణికింది. ఆ ఆగడం నాకు తెలుసు. కడ్డీ సగంలో నిలిచిపోయే చోటు అదే, తల దగ్గరున్న మనిషి వేళ్లు వాటంతటవే పైకి లేచే చోటూ అదే. నా వేళ్లు లేచాయి. ఆపుకున్నాను. పల్లవి మొదటి పాదం మా మీదుగా వెళ్లిపోయింది. ముందు బల్ల అంచు మీద ఆమె వేళ్లు ఆనాయి, మోకాలు సర్దుకుంది, పాట రెండో పాదానికి ఆమె గొంతు నా చెవి పక్కన వినిపించింది.

నేను పాట మధ్యలో ఎక్కడో అందుకున్నాను. చేతులు కిందికి దించడం మరిచిపోయానని వెనకవాళ్లు తర్వాత చెప్పి నవ్వారు.

పాట అయ్యాక అందరూ దబదబా కూర్చున్నారు. ఆమె తొందరపడలేదు, నెమ్మదిగా, చప్పుడు లేకుండా దిగింది. ప్రసంగం మొదలైంది. కాసేపటికి నా వైపు ఒరిగి గుసగుసగా అడిగింది.

"నిజం చెప్పండి. మధ్యలో చెయ్యి వేశారా?"

"కామా కూడా పెట్టలేదు" అన్నాను.

ఆమె నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు బల్లామె మళ్లీ వెనక్కి తిరిగి చూసింది.